ఏసీఎల్ సర్జరీ అయి మూడు వారాలు: నొప్పి పోయింది, కాలు మాత్రం తిన్నగా రావట్లేదు

గ్రౌండ్‌కోచ్

నమస్కారం. మోకాలి కేసులు చూసే ఫిజియోలు, ఆర్థో డాక్టర్లు ఎవరైనా ఉంటే కాస్త విడమరిచి చెప్పండి.

ఆటగాడికి 22 ఏళ్లు, ఫుట్‌బాల్ మిడ్‌ఫీల్డర్. పరుగులో ఉన్నట్టుండి పక్కకు తిరగబోతే కుడి మోకాలు మెలిపడింది. ఏసీఎల్, అంటే మోకాలి మధ్యలో పై ఎముకనూ కింది ఎముకనూ కలిపి పట్టే లిగమెంట్, పూర్తిగా తెగింది. లోపలివైపు మెనిస్కస్ (ఎముకల మధ్య మెత్తలా ఉండే మృదులాస్థి) కూడా వెనక భాగంలో నిలువుగా చిరిగింది. ఆర్థ్రోస్కోపీ (చిన్న రంధ్రాల్లోంచి కెమెరాతో చేసే సర్జరీ) చేసి, అదే కాలి హ్యామ్‌స్ట్రింగ్ (తొడ వెనక కండరం) టెండన్ తీసి కొత్త లిగమెంట్‌గా అమర్చారు. మెనిస్కస్‌ను కత్తిరించకుండా కుట్టారు. ఆరు వారాల దాకా 90 డిగ్రీలు దాటి వంచొద్దని, చేతికర్రలతో, బ్రేస్ వేసుకుని కాలు ఆనించి నడవొచ్చని డాక్టర్ గారు రాసిచ్చారు.

ఇప్పటికి 21 రోజులు. కుట్లు విప్పారు, నొప్పి మాత్రలు ఆపేశాడు. మోకాలు 85 డిగ్రీల దాకా వంగుతోంది. వెల్లకిలా పడుకుంటే మాత్రం మోకాలి కింద నా అరచెయ్యి దూరేంత సందు ఉంటోంది. సాయంత్రానికి చిప్ప చుట్టూ వాపు వస్తోంది. తొడ సన్నబడిపోయింది. కాలు చాచి పైకెత్తమంటే మోకాలి దగ్గర కొంచెం వంగిపోతోంది.

నొప్పి లేదు కాబట్టి ఎక్సర్‌సైజులు రోజుకోసారి చేస్తే చాలంటున్నాడు. రాత్రి మోకాలి కింద దిండు పెట్టుకుంటే హాయిగా ఉందంటున్నాడు. ఐదు నెలల్లో ఒక టోర్నమెంట్ ఉంది, దానికి సిద్ధం కావాలని పట్టుదలగా ఉన్నాడు. ఇందులో ఏది సరి, ఏది కాదు? ఇక్కడి నుంచి ఏ వరసలో వెళ్లాలి?

ఫిజియో_మోకాలు

కోచ్ గారూ, ముందు ఆ దిండు తీసేయించండి. ఈ రాత్రి నుంచే.

మోకాలు 30 డిగ్రీలు వంగి ఉన్నప్పుడు కీలు లోపల చోటు ఎక్కువ, ఒత్తిడి తక్కువ. లోపల నీరు చేరిన మోకాలికి అందుకే ఆ భంగిమ హాయి. కానీ రాత్రంతా అలాగే ఉంచితే వెనకవైపు క్యాప్సూల్ (కీలును చుట్టి ఉండే పొర) కుంచించుకుపోతుంది. ముందువైపు, గ్రాఫ్ట్ (అమర్చిన కొత్త లిగమెంట్) కూర్చునే సందులో మచ్చ కణజాలం పేరుకుంటుంది. దిండు కావాలంటే మడమ కింద పెట్టుకోమనండి, మోకాలు గాల్లో ఉండాలి.

మీరు రాసిన వివరాల్లో నన్ను కలవరపెట్టేది అరచెయ్యి దూరే ఆ సందు. వంగడం గురించి దిగులు లేదు. 90 దాటొద్దన్నారు, 85 వచ్చింది, చాలు. వంగడం ఆలస్యమైనా నెలల తరబడి సంపాదించుకోవచ్చు. పూర్తిగా తిన్నగా రావడం అలా కాదు. మొదటి ఆరు వారాల్లో రాకపోతే తర్వాత చాలా కష్టపడాలి, కొందరికి మళ్లీ ఆర్థ్రోస్కోపీ చేయాల్సి వస్తుంది. ఐదు డిగ్రీలు తక్కువైనా నిలబడ్డంతసేపూ తొడ ముందు కండరం పనిచేస్తూనే ఉండాలి, చిప్ప మీద ఒత్తిడి తగ్గదు. నడకలో కుంటు ఉండిపోతుంది. కొన్ని నెలలకు చిప్ప ముందు నొప్పి మొదలవుతుంది. గ్రాఫ్ట్ బ్రహ్మాండంగా ఉన్నా మోకాలు పనికిరాదు.

ఎంత తక్కువైందో కొలవండి, అరచెయ్యి లెక్క సరిపోదు. మంచం మీద బోర్లా పడుకోబెట్టి, రెండు చిప్పలూ మంచం అంచుకు కాస్త బయట ఉండేలా జరపండి. కాళ్లు వదులుగా వేలాడనివ్వండి. రెండు మడమల ఎత్తులో తేడా స్కేలుతో కొలవండి. సుమారుగా ఒక సెంటీమీటరు అంటే ఒక డిగ్రీ తక్కువని లెక్క. చాలామందికి మంచి కాలు సున్నా దాటి రెండు మూడు డిగ్రీలు వెనక్కి కూడా వెళుతుంది. చేరాల్సింది ఆ కాలితో సమానంగా, పుస్తకంలో రాసిన సున్నాకు కాదు.

తిన్నగా తెచ్చేది ఇలా. వెల్లకిలా పడుకుని మడమ కింద మడిచిన తువ్వాలు పెట్టాలి. పిక్కకు గానీ మోకాలికి గానీ కింద ఏదీ తగలకూడదు. 10 నిమిషాలు, రోజుకు ఐదారుసార్లు. మొదటి రెండు మూడు నిమిషాలు వెనకంతా లాగినట్టుంటుంది, సహజం. ఆ లాగుడుకు భయపడి తొడ బిగబట్టేస్తారు చూడండి, అక్కడే పని చెడుతుంది. తొడ మీద చెయ్యి వేసి చూడండి, మెత్తగా ఉండాలి. వారం చేసినా తేడా తగ్గకపోతే చిప్పకు పైన, తొడ చివర ఒకటి రెండు కిలోల బరువు పెట్టొచ్చు. చిప్ప మీద నేరుగా వద్దు. ఎవరో వచ్చి మోకాలు మీద చేతులతో బలంగా నొక్కడం అసలు వద్దు. గట్టిగా నొక్కితే వాపు పెరుగుతుంది, వాపు పెరిగితే ఇంకా బిగుసుకుంటుంది.

చిప్పను కదపడం చాలామంది మరిచిపోతారు. కాలు చాచి తొడ వదులుగా ఉంచి, చిప్పను బొటనవేలు, చూపుడువేలి మధ్య పట్టుకుని పైకి, కిందికి, రెండు పక్కలకూ మెల్లగా జరపాలి. ఒకటి రెండు నిమిషాలు, రోజుకు మూడు నాలుగుసార్లు. పైకి జరగడం ముఖ్యం. తొడ కండరం చిప్పను పైకి లాగితేనే కాలు చివరి దాకా తిన్నగా వస్తుంది, చిప్పే కదలకపోతే కండరం ఎంత లాగినా వృథా.

ఇక తొడ సన్నబడడం. కండరం వాడక పోయిందనుకుంటారు గానీ అది సగమే నిజం. కీలులో నీరు ఉంటే వెన్నుపాము స్థాయిలోనే తొడ ముందు కండరానికి ఆదేశం తగ్గిపోతుంది. ఆరోగ్యంగా ఉన్న మోకాలిలోకి 20-30 మిల్లీలీటర్ల సెలైన్ ఎక్కించినా చిప్ప పక్కన లోపలివైపు ఉండే కండరం మందగిస్తుందని 1980ల ప్రయోగాల్లోనే తేలింది. నొప్పి లేకపోయినా ఇది జరుగుతుంది. "నొప్పి లేదు కదా, రోజుకోసారి చాలు" అన్న మాట అందుకే తప్పు. ఆ కండరాన్ని నిద్ర లేపాలంటే కొద్దికొద్దిగా, పదేపదే అడగాలి.

కాలు చాచి, మోకాలి వెనక భాగం మంచానికి ఆనేలా తొడ బిగించి 5-6 సెకన్లు పట్టాలి. 10 నుంచి 15 సార్లు, రోజుకు ఐదారు విడతలు. సరిగ్గా చేస్తున్నాడో లేదో కంటితోనే తెలుస్తుంది. చిప్ప తొడవైపు ఒక సెంటీమీటరైనా జారాలి. చిప్ప కదలకుండా పిరుదు బిగుస్తుంటే అతను తుంటితో కాలును కిందికి తోస్తున్నాడు, క్వాడ్స్ (తొడ ముందు కండరాలు) పనిచేయట్లేదు. అప్పుడు లేచి కూర్చోబెట్టి, చిప్పను చూస్తూ ముందు మంచి కాలితో, తర్వాత రెండు కాళ్లతో కలిపి చేయించండి. అప్పటికీ రాకపోతే కరెంటు పెట్టే మెషిన్ వాడతాం. 10 సెకన్లు కరెంటు, 50 సెకన్లు విశ్రాంతి, అలా 10 నుంచి 15 సార్లు. ఓర్చుకోగలిగినంత గట్టిగా పెట్టాలి, చిమచిమలాడితే లాభం లేదు, కండరం కంటికి కనిపించేలా బిగుసుకోవాలి. అతను కూడా దాంతో పాటు బిగించాలి.

కాలు ఎత్తితే వంగిపోతోందన్నారు. దాన్నే మేం లాగ్ అంటాం. ఆ వంపుతో 30 సార్లు ఎత్తితే తప్పునే 30 సార్లు నేర్పినట్టు. ముందు తొడ బిగించి, మోకాలు తాళం పడ్డాకే మడమ లేపాలి. వంపు కనిపించిన క్షణం ఆ విడత అయిపోయినట్టే, నాలుగోసారికే కనిపించినా సరే.

చేతికర్రల విషయం. లాగ్ పోయి, కుంటు లేకుండా నడిచేదాకా వదలొద్దు. ఒక కర్రకు మారాక దాన్ని సర్జరీ కాకుండా మిగిలిన వైపు చేతిలో పట్టుకోవాలి. అతనిది కుడి మోకాలు, కర్ర ఎడమ చేతిలో. ఎక్కువమంది తిరగేసి పట్టుకుంటారు, దాంతో శరీరం ఒరిగిపోయి నడక పాడవుతుంది. మెట్లు ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు సర్జరీ కాలు ముందు.

వాపును రోజూ పొద్దున ఒకేలా చూడడం నేర్పండి. కాలు చాచి, చిప్ప లోపలివైపు గుంటను అరచేత్తో కింది నుంచి పైకి రెండు మూడుసార్లు తుడవండి. తర్వాత బయటివైపు పైనుంచి కిందికి ఒకసారి నిమరండి. లోపలి గుంటలో అల ఏదీ రాకపోతే సున్నా. చిన్న అల కదిలితే ఆనవాలు. గుంట ఉబ్బితే ఒకటి. బయట నిమరకుండానే నీరు తిరిగొచ్చేస్తే రెండు. అసలు నీటిని తోయలేకపోతే మూడు. నిన్నటి కంటే ఒక మెట్టు పెరిగితే నిన్న చేసింది ఎక్కువైంది. ఆ రోజు నిలబడి చేసేవి, నడక సగానికి తగ్గించి, కాలు గుండె కంటే ఎత్తులో పెట్టి, బట్ట చుట్టిన ఐస్ 15-20 నిమిషాలు మూడు నాలుగుసార్లు పెట్టాలి. తిన్నగా చాపేవి మాత్రం ఆపొద్దు.

ఆర్థో_స్కోప్

ఫిజియో గారు చెప్పిన ప్రతి మాటా సరే. ఐదు నెలల సంగతి నేను చెబుతాను: వద్దు. తొందరపడేది అతనే అయినా అడ్డుకోవాల్సిన బాధ్యత మీదీ, నాలాంటి వాళ్లదీ.

టెండన్‌ను తీసి మోకాలిలో పెట్టినప్పుడు దానికి రక్తసరఫరా ఉండదు. మొదటి వారాల్లో లోపలి కణాలు చాలావరకు చనిపోతాయి. తర్వాత కొత్త రక్తనాళాలు దానిలోకి పెరుగుతాయి, కొత్త కణాలు చేరి లిగమెంట్‌లా తిరిగి అల్లుకుంటాయి. ఈ మధ్యలో, రమారమి 6 నుంచి 12 వారాల మధ్య, గ్రాఫ్ట్ తన మొత్తం ప్రయాణంలోనే బలహీనంగా ఉంటుంది. సరిగ్గా ఆ రోజుల్లోనే నొప్పి పోతుంది, వాపు తగ్గుతుంది, మనిషికి ధైర్యం వస్తుంది. జారిపడడం, ఉన్నట్టుండి తిరగడం, సరదాగా బంతి తన్నడం, ఇవన్నీ జరిగేది అప్పుడే. ఎముకలో పెట్టిన సొరంగానికి టెండన్ అతుక్కోవడానికి కూడా 8-12 వారాలు పడుతుంది. చిప్ప టెండన్ గ్రాఫ్ట్‌లో రెండు చివరలా ఎముక ముక్కలు ఉంటాయి కాబట్టి అది కొంచెం ముందే, ఆరు వారాలకు అటూ ఇటూగా అతుకుతుంది. ఈ అబ్బాయిది హ్యామ్‌స్ట్రింగ్ గ్రాఫ్ట్.

అంకెలు కావాలంటే ఓస్లో, డెలావేర్ పరిశోధకులు కలిసి 2016లో ప్రచురించిన అధ్యయనం చూడండి. మెలికలు తిరిగే ఆటలకు వెళ్లినవాళ్లను రెండేళ్లు గమనించారు. తిరిగి ఆడేముందు బలం, గెంతుల పరీక్షలు, ప్రశ్నపత్రాలు అన్నీ దాటినవాళ్లలో మళ్లీ మోకాలు దెబ్బతిన్నది 5.6 శాతం మందికి. దాటకుండానే ఆడినవాళ్లలో 38.2 శాతం మందికి. తొమ్మిదో నెల దాకా ఆట వాయిదా వేసిన ఒక్కో నెలకు మళ్లీ గాయమయ్యే రేటు సగానికి పైగా తగ్గింది. తొమ్మిది నెలల తర్వాత ఆ తగ్గుదల కనిపించలేదు. కాబట్టి తొమ్మిది నెలలు కనీసం, అప్పటికి పరీక్షలు కూడా దాటాలి. ఈ రెండింటిలో ఏ ఒక్కటో సరిపోదు.

మెనిస్కస్ కుట్టిన మాట మరిచిపోకండి. మోకాలు 90 దాటి వంగి, పైన బరువు పడితే మెనిస్కస్ వెనక భాగం నలిగి కుట్టు తెగుతుంది. అందుకే ఆరు వారాల పరిమితి. అది ఎత్తేశాక కూడా లోతైన గుంజీలు, గొంతుక్కూర్చోవడం నాలుగు నెలల దాకా వద్దు. ఇంకో సంగతి తక్కువమందికి తెలుసు. హ్యామ్‌స్ట్రింగ్స్‌లో ఒకదాని టెండన్ నుంచి లోపలి మెనిస్కస్ వెనక భాగానికి ఒక పోగు వెళుతుంది. బరువు కట్టి మడమను వెనక్కి లాగే వ్యాయామం చేస్తే అది కుట్టును గుంజుతుంది. ఇతనికి గ్రాఫ్ట్ తీసింది కూడా హ్యామ్‌స్ట్రింగ్ నుంచే. రెండు కారణాలు ఒకేచోట. షూ లేసు బిగించడానికి ఒక్కసారిగా ముందుకు వంగినా తొడ వెనక టక్కుమని నొప్పి పట్టే రోజులివి.

ఆరు వారాలకు కూడా కాలు తిన్నగా రాకపోతే, ముఖ్యంగా చాపేటప్పుడు చివర్లో ఏదో అడ్డుపడి క్లిక్కుమంటుంటే, గ్రాఫ్ట్ ముందు మచ్చ గడ్డ కట్టిందేమో ఎంఆర్ఐలో చూడాలి. దాన్ని సైక్లాప్స్ అంటాం. అది ఉంటే వ్యాయామంతో పోదు, ఆర్థ్రోస్కోపీలో తీసేయాలి.

పిక్క గట్టిపడి నొప్పి పుట్టినా, కాలు కింది దాకా ఉబ్బినా అదే రోజు చూపించాలి, రక్తం గడ్డకట్టి ఉండొచ్చు. ఊపిరి ఆడకపోయినా, ఛాతీలో నొప్పి వచ్చినా నేరుగా ఎమర్జెన్సీకి. జ్వరం, మోకాలు కాలిపోతున్నట్టు వేడి, గాయం నుంచి రసి, వీటిలో ఏది కనిపించినా ఐస్ పెట్టి రేపు చూద్దాంలే అనుకోవద్దు.

గ్రౌండ్‌కోచ్

డాక్టర్ గారికి, ఫిజియో గారికి ధన్యవాదాలు. టోర్నమెంట్ మాట పక్కన పెట్టేశాను. దిండు తీయించాను, మడమల తేడా ఆరు సెంటీమీటర్లు వచ్చింది.

ఇక ఆరు వారాల తర్వాత సంగతి. జిమ్‌లో లెగ్ ఎక్స్‌టెన్షన్ మెషిన్ ఏసీఎల్‌కు ప్రమాదమని, గుంజీలు చాలని కొందరు, అది లేకపోతే తొడ రాదని ఇంకొందరు అంటున్నారు. పరుగు ఎప్పుడు మొదలుపెట్టాలి? గెంతుల పరీక్షలో 90 శాతం వస్తే చాలా?

బలం_శిక్షణ

కోచ్ గారూ, మెషిన్ విషయంలో ఇద్దరూ సగం సగం సరే. కూర్చుని కాలు చాపేటప్పుడు మోకాలు 90 నుంచి 45 దాకా వచ్చేటప్పుడు ఏసీఎల్ మీద లాగుడు చాలా తక్కువ. చివరి 40 డిగ్రీల్లో కింది ఎముక ముందుకు జరుగుతుంది, లాగుడంతా అక్కడే. కాబట్టి పరిధి కట్టేసి వాడతాం. మెషిన్‌లో 45 దగ్గర ఆగేలా పిన్ను పెట్టి, తేలిక బరువుతో, సర్జన్ అనుమతితో ఆరో వారం నుంచి మొదలుపెట్టొచ్చు. తర్వాత వారాల్లో పరిధి కొద్దికొద్దిగా పెంచి, మూడు నెలలు దాటాక పూర్తి పరిధికి రావాలి.

గుంజీలు మాత్రమే ఎందుకు చాలవంటే, మోకాలు బలహీనంగా ఉన్న మనిషి తెలియకుండానే తుంటితోనూ మంచి కాలితోనూ పని కానిచ్చేస్తాడు. నమ్మకం కలగాలంటే బరువు చూసుకునే మెషిన్లు రెండు తెచ్చి ఒక్కో పాదం కింద ఒకటి పెట్టి గుంజీ తీయించండి. 70 కిలోల మనిషికి అటు 35, ఇటు 35 చూపించాలి. కిందికి దిగేకొద్దీ 42, 28 అవుతుంటే అతను మంచి కాలినే బలపరుచుకుంటున్నాడు. అంకె చూస్తూ చేయించండి, రెండు వారాల్లో సరి అవుతుంది. ఈ చిన్న ఏర్పాటు చేసినంత మేలు చాలా ఖరీదైన సామాను చేయదు.

6 నుంచి 12 వారాల మధ్య గుంజీ 60 డిగ్రీలతో మొదలై, మెనిస్కస్ ఉంది కాబట్టి 90 దగ్గరే ఆగుతుంది. లెగ్ ప్రెస్ ముందు రెండు కాళ్లతో, తర్వాత ఒక కాలితో. మెట్టు ఎక్కడం 10 సెంటీమీటర్ల ఎత్తుతో మొదలుపెట్టి 15, 20కి పెంచాలి. పైకి ఎక్కడం కంటే నెమ్మదిగా దిగడంలో లోపం బయటపడుతుంది: మోకాలు లోపలికి పడుతుంది, లేదా తుంటి ఒక పక్కకు జారుతుంది. స్టేషనరీ సైకిల్ మీద పెడల్ పూర్తిగా తిరగాలంటే 105-110 డిగ్రీలు వంగాలి, అంతకు ముందు సీటు ఎత్తు పెంచి ముందుకూ వెనక్కూ ఊపడమే. పిక్కలకు మోకాలు చాచి ఒక విడత, వంచి ఒక విడత చేయించాలి, లోతున ఉండే పిక్క కండరం వంచినప్పుడే బాగా పనిచేస్తుంది. హ్యామ్‌స్ట్రింగ్‌కు 8వ వారం దాకా కదలిక లేకుండా మెల్లగా బిగించడం కూడా సర్జన్‌ను అడిగాకే. బరువుతో లాగడం మూడు నెలలకు. నార్డిక్ (మోకాళ్ల మీద నిలబడి మెల్లగా ముందుకు ఒరిగే వ్యాయామం) లాంటి గట్టివి ఐదారు నెలలకు ముందు వద్దు.

బరువు ఎంతంటే, 8 నుంచి 12 సార్లు చేయగలిగి, చివరి రెండూ కష్టమనిపించేంత. మూడు విడతలు, వారానికి రెండు మూడు రోజులు. నాలుగో నెల తర్వాత 5-6 సార్లకు మించి ఎత్తలేని బరువుకు రావాలి. ఎక్కువమంది తప్పేది ఇక్కడే. నెలల తరబడి అదే రబ్బరు బ్యాండు, అదే రెండు కిలోలు. కండరం పెరగడానికి అది చాలదు. మొదటి నెలల్లో మోకాలు పెద్ద బరువు ఓర్చుకోలేకపోతే తొడ పైభాగంలో పట్టీతో రక్తప్రవాహాన్ని కొంతమేర తగ్గించి, గరిష్ఠ బరువులో 20-30 శాతంతో 30, 15, 15, 15 సార్లు చేయించే పద్ధతి ఉంది. అది శిక్షణ పొందిన ఫిజియో దగ్గరే చేయాలి. రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉంటే వద్దు.

పరుగుకు తేదీ కంటే షరతులు చూడండి. ఏసీఎల్ ఒక్కటే అయితే 12 వారాల కంటే ముందు కాదు, మెనిస్కస్ కుట్టారు కాబట్టి నాలుగు నెలలు అనుకోండి. వాపు సున్నా లేదా ఆనవాలు, కాలు పూర్తిగా తిన్నగా, తొడ బలం మంచి కాలి బలంలో కనీసం 70-75 శాతం, ఒంటికాలి మీద 60 డిగ్రీల గుంజీ 10 సార్లు మోకాలు లోపలికి పడకుండా, 30 నిమిషాల వేగమైన నడక తర్వాత మర్నాడు వాపు పెరగకుండా ఉండాలి. ఇవి ఉంటే ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాలు నడక, అలా 8 సార్లు, రోజు విడిచి రోజు. ట్రెడ్‌మిల్ మీద పరిగెత్తించి కళ్లు మూసుకుని అడుగుల చప్పుడు వినండి. టప్, టుప్, టప్, టుప్ అని రెండు వేరు చప్పుళ్లు వస్తుంటే అతను సర్జరీ కాలి మీద బరువు దాచుకుంటున్నాడు. చప్పుడు ఒకటయ్యేదాకా సమయం పెంచొద్దు.

దూకడం కూడా వరసగానే. 20 సెంటీమీటర్ల పెట్టె మీంచి రెండు కాళ్లతో దిగడం, తర్వాత ఒంటికాలితో. ఎదురుగా, పక్కనుంచి ఫోన్‌లో స్లో మోషన్‌లో తీయండి. మోకాలు లోపలికి పడడం ఎదురు వీడియోలో కనిపిస్తుంది. కర్రలా బిగిసిన మోకాలితో దిగడం పక్క వీడియోలో తప్ప కనిపించదు. దిశ మార్చడం ముందు 45 డిగ్రీలు, తర్వాత 90, చివరికి 180. మొదట ఎటు తిరగాలో ముందే చెప్పి, నేర్చుకున్నాక చెప్పకుండా చివరి క్షణంలో చెయ్యి చూపించి. గాయం జరిగింది ఆలోచించే వ్యవధి లేని క్షణంలోనే కదా.

గెంతుల్లో 90 శాతం అంటే, సర్జరీ కాలు 135 సెంటీమీటర్లు, మంచి కాలు 150 అయితే 135ని 150తో భాగించి 100తో హెచ్చిస్తే 90. కానీ దీనితో రెండు చిక్కులు. నెలల తరబడి ఆట లేక మంచి కాలూ బలహీనపడుతుంది, దానితో పోలిస్తే శాతం బాగానే కనిపిస్తుంది. మీ దగ్గర సీజన్‌కు ముందు తీసిన కొలతలు ఉంటే వాటితోనే పోల్చండి. రెండోది, ముందుకు గెంతే దూరంలో తుంటి, చీలమండ వాటా చాలా ఎక్కువ, మోకాలు పనిచేయకపోయినా దూరం వచ్చేస్తుంది. ఒంటికాలితో నిలువుగా పైకి ఎగిరించి కొలిస్తే మోకాలి లోపం దాగదు. తొడ బలాన్ని ఐసోకైనెటిక్ మెషిన్ (కాలు ఒకే వేగంతో కదిలేలా చేసి బలం కొలిచేది) మీద, అది లేకపోతే చేతిలో పట్టుకుని బలం కొలిచే డైనమోమీటర్‌తో విడిగా కొలవాలి. బలం 90 శాతం రాకుండా గెంతు 100 వచ్చినా నేను ఒప్పుకోను.

భయాన్ని కూడా కొలవాలి. ఏసీఎల్-ఆర్ఎస్ఐ అని 12 ప్రశ్నల పత్రం ఉంది. బలం అంతా వచ్చి ట్యాకిల్‌కు వెళ్లేటప్పుడు సంకోచించే ఆటగాడు ఇంకా సిద్ధం కానట్టే. టీమ్‌తో కలిశాక మొదట తాకిడి లేని ప్రాక్టీస్, తర్వాత పూర్తి ప్రాక్టీస్, తర్వాత మ్యాచ్ చివర్లో 15-20 నిమిషాలు, తర్వాత సగం మ్యాచ్. దీనికి నెల పైనే పెట్టుకోండి. గాయాలు తగ్గించడానికి రూపొందించిన ఫిఫా 11+ వార్మప్ 20 నిమిషాలది, అతనికే కాదు, టీమ్ అందరికీ వారానికి కనీసం రెండుసార్లు చేయించండి.

వాలీ_నెట్

మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. భుజం జారిపోతే బ్యాంకార్ట్ రిపేర్ (కీలు అంచున ఊడిన కణజాలాన్ని తిరిగి ఎముకకు కుట్టే సర్జరీ) చేసినవాళ్లకు కూడా ఇలాగే తొందరగా పూర్తి కదలిక తెప్పించాలా? వాలీబాల్‌లో స్పైక్ కొట్టే చెయ్యి.

ఫిజియో_మోకాలు

లేదండీ, ఇక్కడ లెక్క దాదాపు తిరగబడుతుంది. మోకాలు మొదట్లో బిగుసుకుపోతుందని భయం. భుజంలో కుట్టిన క్యాప్సూల్ తొందరపడితే సాగిపోతుందని భయం. సాగితే భుజం మళ్లీ జారుతుంది.

స్లింగ్ 3 నుంచి 6 వారాలు, సర్జన్ చెప్పినంత కాలం, నిద్రలో కూడా. మోచెయ్యి, మణికట్టు, వేళ్లు మొదటి రోజు నుంచే కదపాలి, లేకపోతే అవి ఉత్తపుణ్యానికి బిగుస్తాయి. చెయ్యి శరీరానికి ఆనించి బయటికి తిప్పడం మొదటి ఆరు వారాలు సుమారు 30 డిగ్రీల లోపే. రబ్బరు బ్యాండుతో బలం 6-8 వారాల తర్వాత, ముందు భుజం రెక్క ఎముకను పట్టి ఉంచే కండరాలతో. స్పైక్ కొట్టబోయే భంగిమ, అంటే చెయ్యి భుజం ఎత్తుకు లేపి వెనక్కి తిప్పడం, కుట్టుకు అన్నింటికంటే ప్రమాదం. 12 వారాలకు ముందు ఆ కోణంలో సాగదీయొద్దు. చొక్కా వేసుకునేటప్పుడు సర్జరీ చెయ్యి ముందు దూర్చి, విప్పేటప్పుడు చివర తీస్తే పొరపాటున ఆ భంగిమ రాదు. పూర్తి వేగంతో స్పైక్ ఆరు నెలలకు, బలం రెండు చేతుల్లో దాదాపు సమానమయ్యాక.

కోచ్ గారూ, ఆరు సెంటీమీటర్లు అన్నారు, మూడు వారాలకు ఇంకా దారిలో ఉన్నట్టే. ఆదివారం పొద్దున లేవగానే, వ్యాయామానికి ముందు, ఒకే మంచం మీద నాలుగు అంకెలు రాసిపెట్టండి: మడమల తేడా, ఎన్ని డిగ్రీలు వంగింది, వాపు ఏ మెట్టు, వంపు రాకుండా కాలు ఎన్నిసార్లు ఎత్తాడు. మడమల తేడా వారానికి ఒకటి రెండు సెంటీమీటర్ల చొప్పున దిగాలి. రెండు ఆదివారాలు వరసగా అదే అంకె వచ్చినా, ఆరో వారానికి రెండు సెంటీమీటర్ల కంటే ఎక్కువ ఉన్నా తర్వాతి అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా సర్జన్ గారికి ఆ కాగితం చూపించండి.